పదో తరగతి పాయింట్ గార్డు: మొదటి అయిదుగురిలో ఇప్పుడే దించాలా?

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ శ్రీకాకుళం అండర్-17 అబ్బాయిల బాస్కెట్‌బాల్ జట్టులో పదో తరగతి కుర్రాడొకడు ఉన్నాడు. మంచి వేగం. ప్రాక్టీసు మ్యాచ్‌లో 18 పాయింట్లు కొట్టాడు. విజయనగరం జట్టు ఫుల్ కోర్ట్ ప్రెస్ (బంతి తెచ్చేవాణ్ణి కోర్టు పొడవునా మీద పడి అడ్డుకోవడం) వేసిన రోజు మాత్రం 7 సార్లు బంతి పోగొట్టాడు. ఇప్పుడు ఆ స్థానంలో ఆడుతున్న ఇంటర్ మొదటి సంవత్సరం అబ్బాయి నెమ్మది, పెద్దగా స్కోరు చెయ్యడు, కానీ బంతి పోనివ్వడు. రాష్ట్ర పోటీలకు ఇంకా ఆరు వారాలు ఉంది. కుర్రాడి ఇంట్లోవాళ్ళు, ఊళ్ళో ఆట తెలిసినవాళ్ళు "ఇంకా బెంచీ మీదేనా?" అంటున్నారు. దించాలా, ఆగాలా?

ఆగండి. పెద్దవాడితోనే ఆట మొదలుపెట్టండి. ఈ కుర్రాడికి మాత్రం రెండో క్వార్టర్ మొదటి 6 నిమిషాలు రాసిచ్చెయ్యండి. స్కోరు ఎలా ఉన్నా అవి అతనివే. మొదటి, మూడో క్వార్టర్లలో చివరి 3 నిమిషాలు ఇద్దరినీ కలిపి ఆడించండి. అంటే 40 నిమిషాల్లో 12 నిమిషాలు ఖాయంగా అతనికి దక్కుతాయి. నాలుగో క్వార్టర్ సంగతి ఆ రోజు ఆట చూసి తేల్చుకోవచ్చు. కింద చెప్పే నాలుగు పరీక్షలు దాటిన రోజున మొదటి అయిదుగురిలోకి తెచ్చెయ్యండి. ఆ తర్వాత ఇక వయసు లెక్క చూడొద్దు.

ముందు ఆ 18 పాయింట్లను విడదీసి చూడండి. అవతలివాళ్ళు బంతి పోగొట్టుకుంటే పరిగెత్తి వేసిన లేఅప్‌లు (రింగు దగ్గరికి వెళ్ళి వేసే షాట్లు) ఎన్ని? అవతల అయిదుగురూ కుదురుకుని నిలబడ్డాక, మన ఆట పేర్చుకుని వేసినవి ఎన్ని? ఈ వయసులో వేగమున్న పిల్లల స్కోరు ఎక్కువగా మొదటి రకంలోనే వస్తుంది. అది మంచి గుణమే, జట్టుకు కావలసిందే. కానీ దానికి పాయింట్ గార్డే కానక్కరలేదు, వింగ్‌లో, అంటే కోర్టు పక్క వైపున, నిలబెట్టినా అవే పాయింట్లు వస్తాయి. పాయింట్ గార్డు పని ఆట ఆగి మళ్ళీ మొదలైన ప్రతిసారీ బంతిని అవతలి సగానికి చేర్చడం, సరైన మనిషికి సరైన చోట అందించడం. ఆ పని ఎలా చేస్తున్నాడో 18 అనే అంకె చెప్పదు.

ఆ 7 తప్పులనూ విడదీయండి. బంతి గీత దాటి బయటికి పోయినా, ట్రావెలింగ్ (బంతి పట్టుకుని కాలు కదిపే తప్పు) పడినా విజిల్ పడుతుంది, మనవాళ్ళు వెనక్కి వచ్చి నిలబడతారు. నష్టం ఒక్క అవకాశమే. అదే పైభాగంలో, రింగుకు దూరంగా, డ్రిబుల్ చేస్తుండగా చేతిలోంచి లాక్కుంటే, మిగతా నలుగురూ అతనికంటే ముందుంటారు కాబట్టి వెనక ఎవరూ ఉండరు. మన అవకాశం పోతుంది, అవతలివాళ్ళకు అడ్డులేని లేఅప్ దక్కుతుంది. అందుకే పోస్టులో (రింగు దగ్గర) ఆడేవాడి తప్పూ గార్డు తప్పూ ఒకే లెక్కలో వెయ్యకూడదు. స్కోరు పుస్తకంలో ఈ రెండు రకాలకూ రెండు గడులు గీయించండి.

ఇక పరీక్షలు. కోర్టు పొడవు, 8 సెకన్ల గడువు తప్ప ఈ అంకెలు ఏ రూల్ పుస్తకంలోనూ ఉండవు, ఈ వయసు పిల్లలకు నేను వాడే కొలతలు.

ఒకటి, ప్రెస్ కింద 20 సార్లు బంతి తెస్తే 3కి మించి పోకూడదు. అందులో ఆట నడుస్తుండగా లాక్కున్నవి ఒకటికి మించకూడదు.

రెండు, ఎడమ చేత్తో కోర్టు పొడవు 28 మీటర్లూ. మంచి డిఫెండర్ ఒకడు అతని కుడివైపు మూసేస్తూ వస్తుంటే, 8 సెకన్లలో సగం గీత దాటాలి. పదిసార్లలో ఎనిమిది.

మూడు, అలిసిపోయాక ఫ్రీ త్రోలు. కోర్టు పొడవునా రెండుసార్లు పరుగు, వెంటనే రెండు ఫ్రీ త్రోలు. ఇలా పది విడతలు. 20కి 14 పడాలి.

నాలుగు, చెయ్యి చాచి చేసే ఫౌల్ సగం ఆటకు ఒకటి మించకూడదు.

నాలుగింట్లో మొదటిదే అసలైనది. ప్రెస్ దగ్గర ఈ వయసు పిల్లలు చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే: బంతి అందగానే, ముందేముందో చూడకుండా నేలకు కొడతారు. తల కిందికి పోతుంది. 1-2-1-1 ప్రెస్ (డిఫెండర్లు ముందునుంచి వెనక్కి ఈ వరసలో నిలబడేది) వేసేవాళ్ళు కాచుకుని ఉండేది సరిగ్గా దీనికోసమే. మొదటి డిఫెండర్ అతన్ని సైడ్ లైను వైపు తోలతాడు, రెండోవాడు ఎదురొస్తాడు. కుర్రాడు కంగారులో సగం గీత దాటీదాటగానే ఆ మూలలో డ్రిబుల్ ఆపేస్తాడు. అక్కడ సైడ్ లైను ఒక డిఫెండర్, సగం గీత ఇంకో డిఫెండర్. వెనక్కి ఇస్తే బ్యాక్‌కోర్ట్ తప్పు, పట్టుకుని నిలబడితే 5 సెకన్ల వయొలేషన్, పైకెత్తి విసిరితే మధ్యలో కాచుకున్నవాడి చేతిలోకి. డ్రిబుల్ మొదలుపెట్టే కంగారులో ఇంకొకటీ జరుగుతుంది. బంతి చేతిలోంచి వదలకముందే పివట్ కాలు (నేలమీద ఆనించి ఉంచాల్సిన కాలు) లేస్తుంది, ట్రావెలింగ్ పడుతుంది. వేగమున్న కుర్రాళ్ళకే ఇది ఎక్కువ. ఆ 7లో ఇవి ఎన్నో చూడండి.

దీనికి మందు వరసగా ఇలా. మొదటి వారం డ్రిబులే వద్దు: మనవాళ్ళు నలుగురు, అవతల నలుగురు, పూర్తి కోర్టు, పాస్‌లతోనే బంతి అవతలికి చేర్చాలి. బంతి అందాక రెండు కాళ్ళ మీద ఆగి, పివట్ తిరిగి, ముందు చూసి ఇవ్వడం అలవాటవుతుంది. రెండో వారం డ్రిబుల్ ఇవ్వండి, కానీ బంతి అందాక మనసులో "ఒకటి" అనుకున్నాకే నేలకు కొట్టాలి. మూడో వారం నుంచి ఒక్కడి మీద ఇద్దరు. ఇక్కడ నేర్పాల్సింది వెనక్కి రెండు డ్రిబుల్స్. ఇద్దరు మీదికి వచ్చినప్పుడు మధ్యలోంచి దూరిపోవాలని చూస్తాడు, వేగం మీద నమ్మకం కొద్దీ. దూరొద్దు. రెండు డ్రిబుల్స్ వెనక్కి వేసి, ఆ ఇద్దరినీ తన వైపు లాగి, మధ్యలోకి వచ్చిన మనవాడికి ఇవ్వాలి. 2-2-1 ప్రెస్‌కీ ఇదే పనిచేస్తుంది, బంతి మధ్యకు చేరితే ఆ ప్రెస్ విడిపోతుంది.

ఇందులో తప్పు కుర్రాడిదే కాకపోవచ్చు, అదీ చూసుకోండి. మధ్యలోకి రావలసిన పొడుగాటివాడు ముందుకు పరిగెత్తేసి రింగు కింద నిలబడితే గార్డు ఏం చేస్తాడు? ప్రెస్ విరగ్గొట్టడం అయిదుగురి పని. అదే ప్రెస్ మీద, అదే నలుగురితో పెద్దవాడు ఎన్ని పోగొడుతున్నాడో లెక్కపెట్టండి. అతనూ 20కి 4, 5 పోగొడుతుంటే లోపం మీ ఏర్పాటులో ఉన్నట్టు. అప్పుడు గార్డును మార్చి లాభం లేదు.

ఎడమ చెయ్యి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీకు తెలిసిందే. ఒక్క జాగ్రత్త: శంకులు పెట్టి చేయించే డ్రిబ్లింగ్‌తో ఆగిపోవద్దు. శంకు చెయ్యి చాచదు. మీద మనిషి ఉండాలి, అతని భుజం తగులుతుండాలి.

గడియారం సంగతి. మన జిల్లాల్లో స్కూల్ మ్యాచ్‌లు చాలావరకు షాట్ క్లాక్ (షాటు వెయ్యడానికి మిగిలిన సెకన్లు చూపే గడియారం) లేకుండానే నడుస్తాయి. పై పోటీల్లో 24 సెకన్ల గడియారం పెడితే ఇక్కడ బాగా ఆడినవాళ్ళూ తడబడతారు. మీరే స్టాప్‌వాచ్ పట్టుకుని "పది", "అయిదు" అని గట్టిగా అరవండి. కొలత ఇలా పెట్టుకోండి: 24లో 19 పడేసరికి బంతి సగం గీత దాటాలి, 17 దగ్గర మొదటి ఆట మొదలవ్వాలి, 10 దగ్గర ఏమీ తెరుచుకోకపోతే రెండోది, 7 దగ్గర బంతి మళ్ళీ గార్డు చేతికి వచ్చి పిక్ అండ్ రోల్ (మనవాడొకడు గార్డు డిఫెండర్‌కు స్క్రీన్‌గా అడ్డు నిలబడి, తర్వాత రింగు వైపు తిరిగే ఆట). మన షాట్ రింగుకు తగిలి రీబౌండ్ మనకే వస్తే గడియారం 14 నుంచే మొదలవుతుంది. అప్పుడు అంతా మొదటినుంచి పేర్చకూడదు, నేరుగా రెండో ఆటకే పోవాలి. పెద్దవాడు నెమ్మది అన్నారు. అతను 20 తిరిగేసరికి గీత దాటిస్తున్నాడా, 16 దగ్గర బొటాబొటిగా దాటిస్తున్నాడా? బొటాబొటి అయితే అది కూడా బంతి పోగొట్టడం లాంటిదే, పుస్తకంలో కనబడదు అంతే.

పిక్ అండ్ రోల్‌లో ఈ వయసులో రెండు చూపులు చాలు. తన డిఫెండర్ స్క్రీన్ కిందినుంచి వస్తున్నాడా, పైనుంచి వెంటాడుతున్నాడా అన్నది ఒకటి. కిందినుంచి వస్తే షాటు, లేదా స్క్రీన్ మళ్ళీ అడగడం. పైనుంచి వెంటాడితే వాణ్ణి వీపు మీద ఉంచుకుని లోపలికి. రెండోది, స్క్రీన్ పెట్టినవాడి డిఫెండర్ బంతి మీదికి వస్తున్నాడా, వెనక్కి తగ్గుతున్నాడా? వస్తే రోల్ అయ్యేవాడికి పాస్, తగ్గితే ఆగి మధ్యదూరం షాటు. ఎదుటి మూలకు కోర్టు అడ్డంగా విసిరే పాస్ ఇప్పుడే వద్దు. పదిహేనేళ్ళ చేతికి ఆ పాస్ గాల్లో ఎక్కువసేపు ఉంటుంది. సముద్రపు గాలి తగిలే మైదానాల్లో మరీనూ. స్క్రీన్ వాడుకునేటప్పుడు అతని భుజం స్క్రీన్ పెట్టినవాడి నడుముకు రాసుకుంటూ పోవాలి. ఆ మధ్య ఒక్క మనిషి దూరేంత సందున్నా స్క్రీన్ పెట్టనట్టే.

డిఫెన్స్ దగ్గర ఈ కుర్రాళ్ళకు ఒక ఆశ ఉంటుంది: చెయ్యి వేగం ఉంది కదా, లాగేద్దాం అని. రెండుసార్లు దొరుకుతుంది, మూడోసారి ఫౌల్. మొదటి క్వార్టర్‌లోనే రెండు ఫౌల్స్ పడితే ఎలాగూ మీరు కూర్చోబెట్టాల్సిందే. పైగా క్వార్టర్‌కు జట్టు ఫౌల్స్ నాలుగు దాటాక ప్రతి డిఫెన్స్ ఫౌల్‌కీ అవతలివాళ్ళకు రెండు ఫ్రీ త్రోలు. గార్డు పైన చేసే పనికిరాని ఫౌల్స్ ఆ నాలుగింటినీ తొందరగా తినేస్తాయి. ప్రాక్టీసులో అతను రెండు చేతులా జెర్సీ అంచు పట్టుకుని కాళ్ళతోనే డిఫెన్స్ చెయ్యాలి, రోజూ 5 నిమిషాలు. కష్టంగా ఉంటుంది, తిట్టుకుంటాడు, కానీ రెండు వారాల్లో కాళ్ళు కదలడం మొదలవుతుంది.

గొంతు సంగతి చాలామంది పట్టించుకోరు. పదో తరగతివాడు ఇంటర్ అన్నలకు "అటు వెళ్ళు, స్క్రీన్ పెట్టు" అని చెప్పాలి. మన వైపు పిల్లలకు ఇది నోరు తిరిగే పని కాదు. "అన్నా... అన్నా..." అంటూనే 4 సెకన్లు పోతాయి. అందుకని ఆటల పేర్లు ఒక్క మాటలో ఉండాలి, చేతి సైగ కూడా ఉండాలి. నాగావళి, వంశధార అని పెట్టుకుంటే వినడానికి బాగుంటుంది గానీ అరవడానికి పొడుగు. "ఒకటి", "రెండు", "పిడికిలి" చాలు. మీరు పెద్దవాళ్ళందరినీ కూర్చోబెట్టి, కోర్టులో వాడు పిలిచిందే మాట, మంచో చెడో ఆ ఆట అందరూ ఆడాల్సిందే అని ఒక్కసారి గట్టిగా చెప్పండి. ఆ మాట కుర్రాడి నోట కాదు, మీ నోటే రావాలి.

రెండో క్వార్టరే ఎందుకంటే, అప్పటికి అవతలివాళ్ళు మ్యాన్ (మనిషికొక మనిషి కాపలా) ఆడుతున్నారో జోన్ (చోటుకొక మనిషి కాపలా) ఆడుతున్నారో, ప్రెస్ ఎక్కడినుంచి వేస్తున్నారో బయటపడుతుంది. వాళ్ళ మొదటి గార్డు కూడా కాస్త విశ్రాంతికి కూర్చునే సమయం అది. మొదటి క్వార్టర్ అంతా కుర్రాణ్ణి మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. దిగేముందు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: వాళ్ళ డిఫెన్స్ ఏమిటి, ఎవరికి ఎన్ని ఫౌల్స్ ఉన్నాయి, మనవాళ్ళలో ఈ రోజు ఎవరి చెయ్యి బాగుంది. మూడోదానికి జవాబు చెప్పలేకపోతే అతను తనకోసమే చూస్తున్నాడని అర్థం. నెమ్మదిగా మళ్ళించాలి.

ఆ 6 నిమిషాల్లో వరసగా రెండు పోగొట్టాడనుకోండి, తీసెయ్యొద్దు. మొదటి సగంలో మీకు రెండు టైమ్ ఔట్లు ఉంటాయి, ఒకటి అతనికోసమే దాచండి. పిలిచి ఒక్క విషయమే చెప్పండి: బంతి ఎవరికి, ఎక్కడ. తప్పు చేసిన ప్రతిసారీ బెంచీ వైపు చూసే గార్డు పాస్ ఇవ్వడం మానేసి, తప్పించుకునే ఆట ఆడతాడు. అది అలవాటైతే పోవడానికి సీజన్లే పడుతుంది.

ఇద్దరినీ కలిపి ఆడించే 3 నిమిషాల్లో పెద్దవాడే బంతి తేవాలి. కుర్రాడు వింగ్‌లో ఉండి, డిఫెన్స్ ఒక పక్కకు జరిగాక బంతి అందుకుని లోపలికి దూసుకుపోవాలి. అతని వేగానికి అసలు విలువ అక్కడే. ఒక చిక్కుంది, జట్టు పొట్టిదవుతుంది. రీబౌండ్‌కు గార్డులిద్దరూ లోపలికి వచ్చి తమ మనుషుల్ని వీపుతో అడ్డుకోవాలి, బంతి కోసం ముందే పరిగెత్తకూడదు.

ఒళ్ళు గురించి రెండు మాటలు. పదిహేనేళ్ళంటే ఎదిగే వయసు. మోకాలి చిప్ప కింద గుబ్బ దగ్గర నొప్పి అంటే బద్ధకం అనుకోవద్దు. పొడుగు వేగంగా పెరిగేటప్పుడు, గెంతులు ఎక్కువైతే వచ్చే నొప్పి అది. సిమెంటు కోర్టు మీద ఇంకా ఎక్కువవుతుంది. అలాంటప్పుడు గెంతే పని సగానికి తగ్గించి, డ్రిబుల్, పాస్, ఫ్రీ త్రోలు చేయించండి. తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి. మన తీరంలో ఉక్కకు చెమట చాలా పోతుంది. పొద్దున్న 6కు, సాయంత్రం ఎండ దిగాకే పెట్టుకోండి. ఉప్పు వేసిన మజ్జిగో నిమ్మనీళ్ళో దగ్గరుంచండి. మ్యాచ్‌కు 3 గంటల ముందు అన్నం, గంట ముందు అరటిపండు చాలు. పొద్దున్నే మ్యాచ్ అయితే చోడి (రాగి) అంబలి తేలిగ్గా అరుగుతుంది. రోజుకు రెండు మ్యాచ్‌లు పడే పోటీల్లో ఈ వయసువాడు మొదటిదాంట్లో 35 నిమిషాలు ఆడితే రెండోదాంట్లో కాళ్ళుండవు. ముందు దెబ్బతినేది షాటు కాదు, డిఫెన్సు.

బంతి కూడా చూసుకోండి. సిమెంటు మీద అరిగి నున్నబడ్డ రబ్బరు బంతితో ఆరు వారాలు చేసి, అక్కడికెళ్ళి కొత్త 7వ సైజు బంతి పట్టుకుంటే పాస్ చేతిలోంచి జారుతుంది. పోటీలో వాడే రకం బంతి ఒకటి సంపాదించి చివరి రెండు వారాలు దాంతోనే చేయించండి.

నా జవాబు ఎక్కడ మారుతుందో కూడా చెప్పాలి. పెద్దవాడికి గాయమైతే ఇక ఆలోచన లేదు, దించాల్సిందే, పక్కన పాస్ బాగా ఇచ్చే వింగ్‌ను పెట్టి. అవతలి జట్టు ప్రెస్ వెయ్యదని ముందే తెలిస్తే ఆ ఒక్క మ్యాచ్ కుర్రాడితో మొదలుపెట్టవచ్చు. స్నేహపూర్వక మ్యాచ్‌లన్నీ అతనితోనే మొదలుపెట్టండి, ఓడినా ఫరవాలేదు. విజయనగరం వాళ్ళతో ఇంకో మ్యాచ్ కుదిరితే అడిగి మరీ ప్రెస్ వేయించుకోండి. వయసు ఒక్కటే అడ్డు కాదు: పాయింట్ గార్డు టోనీ పార్కర్ 19 ఏళ్ళకే, 2001-02లో, అమెరికా లీగ్ ఎన్‌బీఏలో తన తొలి సీజన్‌లోనే శాన్ ఆంటోనియో జట్టు మొదటి అయిదుగురిలోకి వచ్చాడు. అదే పార్కర్‌ను 2003 ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో, ఆట బిగిసిన సమయంలో, కోచ్ పోపొవిచ్ కూర్చోబెట్టి స్పీడీ క్లాక్స్టన్‌ను ఆడించాడు. కప్పు గెలిచారు. 2007 ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు మళ్ళీ ఆ పార్కరే. ఆ జట్టులోనే మాను జినోబిలి ఏళ్ళ తరబడి బెంచీ మీదినుంచి వచ్చి ఆడాడు. ఇంట్లోవాళ్ళు అడిగినప్పుడు ఈ సంగతి చెప్పండి. మొదట దిగేవాడు వేరు, చివర ఉండేవాడు వేరు అన్నది వాళ్ళకు అప్పుడు కాస్త నచ్చుతుంది. కుర్రాడికి మాత్రం నాలుగు పరీక్షల అంకెలూ కాగితం మీద రాసిచ్చి, ప్రతి శనివారం అతనిచేతే నింపించండి. "నువ్వింకా చిన్నోడివిరా" అన్న మాట ఎవరినోటా రానివ్వకండి.

నాలుగో క్వార్టర్ చివరి 2 నిమిషాలకు ఇప్పుడే ఒక ఏర్పాటు చేసుకోండి. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్ ప్రకారం ఆ సమయంలో మన సగంలో బంతి మనదై, మనం టైమ్ ఔట్ తీసుకుంటే, త్రో-ఇన్ (గీత బయటినుంచి బంతి లోపలికి ఇవ్వడం) అవతలి సగంనుంచి అడగవచ్చు. అప్పుడు షాట్ క్లాక్ 14కు మించి ఉండదు. అంటే ప్రెస్ దాటాల్సిన పనే తప్పుతుంది, కుర్రాడి పెద్ద బలహీనత ఆ ఒక్క బంతికి లేనట్టే. పెద్దవాడు త్రో-ఇన్ వేసి, కుర్రాడు స్క్రీన్ మీదుగా వచ్చి అందుకునే ఆట ఒకటి వారానికి పదిసార్లు చేయించండి. రెండో సగంలో ఉండే మూడు టైమ్ ఔట్లలో ఒకటి దీనికోసం మిగుల్చుకోండి. మీ పోటీలో ఈ రూల్ అమలు చేస్తున్నారో లేదో మ్యాచ్‌కు ముందే టేబుల్ దగ్గర అడిగి తెలుసుకోండి.